వేడి నిలువుగా, కరెంటు అడ్డంగా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు ఒకే విషయాన్ని అడిగాయి. వృథాగా పోయే వేడి నుంచి నేరుగా కరెంటు తీయవచ్చునా, టోపలాజికల్ సెమీమెటల్స్ (లోహాలకు, అర్ధవాహకాలకు నడిమి రకం) అనే కొత్త పదార్థాలు అందుకు నిజంగా పనికివస్తాయా అన్నదే ఆ విషయం. వాటిలో కొన్నింటిని ఎంచుకుని, ముందు జవాబు తరువాతి ప్రశ్నకు అక్కరకు వచ్చే వరుసలో ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న (పాలిటెక్నిక్ విద్యార్థి, మహబూబ్‌నగర్): హైదరాబాద్ కోఠిలో కొన్న పెల్టియర్ మాడ్యూల్‌ను (కరెంటు పంపితే ఒక ముఖం చల్లబడే, ముఖాల నడుమ వేడి తేడా ఉంటే కరెంటు ఇచ్చే పలకను) స్టవ్ మీద పెట్టిన ఇనుప రేకుపై ఉంచి, పైన మంచు ముక్కలున్న గిన్నె పెడితే ఎర్ర ఎల్ఈడీ వెలిగింది. మంట కొంచెం పెంచేసరికి ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. మల్టీమీటర్ పెడితే సర్క్యూట్ తెగినట్టు చూపుతోంది. లోపల ఏమి జరిగింది?

జవాబు: మాడ్యూల్ ఎలాగూ పాడైంది కాబట్టి అంచున ఉన్న తెల్లటి సిలికాన్ సీలును బ్లేడుతో తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. రెండు పింగాణీ పలకల నడుమ, ఒకటిన్నర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే నల్లని స్తంభాలు వరుసగా నిలబడి కనిపిస్తాయి. మాడ్యూల్ మీద 12706 అని అచ్చయి ఉంటే అందులో 127 జతలు, అంటే 254 స్తంభాలు ఉన్నాయని అర్థం. అవి బిస్మత్ టెల్యురైడ్ అనే అర్ధవాహకంతో చేసినవి. ప్రతి జతలోనూ ఒక స్తంభంలో కరెంటును ఎలక్ట్రాన్లు, రెండో దానిలో హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ధనావేశంలా మెలగుతాయి) మోస్తాయి. స్తంభాలన్నిటినీ పైనా కిందా చిన్న రాగి పట్టీలతో ఒకదాని వెంట ఒకటిగా కలుపుతారు. ఆ పట్టీలను అతికించే సోల్డర్ చాలా మాడ్యూళ్లలో బిస్మత్, తగరం కలిసిన మిశ్రమం, అది 138 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది. కరెంటు దారి ఒక్కటే కాబట్టి వేడి వైపున ఒక్క అతుకు ఊడినా మొత్తం మాడ్యూల్ నిలిచిపోతుంది. మీకు జరిగింది అదే.

ఇన్ని స్తంభాలు ఎందుకంటే, ఒక్కొక్క దాని నుంచి వచ్చే వోల్టేజి చాలా తక్కువ. ఒక కొన వేడిగా, మరో కొన చల్లగా ఉన్న వాహకంలో వోల్టేజి పుడుతుందన్న సంగతి 1821లో బెర్లిన్‌లో థామస్ సీబెక్ ప్రయోగాలతో వెలుగులోకి వచ్చింది. మంచి బిస్మత్ టెల్యురైడ్‌లో అది డిగ్రీ తేడాకు దాదాపు 200 మైక్రోవోల్టులు ఉంటుంది. 127 జతలలోని 254 స్తంభాలు కలిస్తే డిగ్రీకి 50 మిల్లీవోల్టులు, 50 డిగ్రీల తేడాకు రెండున్నర వోల్టులు వస్తాయి. మీ ఎర్ర ఎల్ఈడీకి కావలసింది రెండు వోల్టుల లోపే. పాత పద్ధతిలోని చిక్కు ఇక్కడే ఉన్నది. వోల్టేజి పెంచాలంటే జతలు పెంచాలి, జతలు పెరిగితే అతుకులు పెరుగుతాయి, అందులో సగం అతుకులు తప్పనిసరిగా వేడి వైపునే ఉంటాయి. సోల్డర్ మార్చి ఎక్కువ వేడికి తట్టుకునేలా చేసినా, కాగి చల్లారిన ప్రతిసారీ రెండు లోహాలు రెండు రకాలుగా సాగుతూ అతుకును బలహీనం చేస్తూనే ఉంటాయి.

సీబెక్ తరువాత 65 ఏళ్లకు, 1886లో, ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఎట్టింగ్స్‌హౌసెన్, నెర్న్‌స్ట్ అనే ఇద్దరు బిస్మత్ పలకకు ఒక కొనన వేడి పెట్టి, దానిని అయస్కాంత క్షేత్రంలో ఉంచి చూశారు. వేడి పారే దిక్కుకు, క్షేత్రం దిక్కుకు రెండింటికీ అడ్డంగా వోల్టేజి కనిపించింది. నారాయణపేట మగ్గం మీద పడుగు ఒక దిక్కున, పేక దానికి అడ్డంగా సాగినట్టు, ఇక్కడ వేడిది ఒక దారి, కరెంటుది మరో దారి. దీనిలోని లాభం మీ పాడైన మాడ్యూల్‌ను చేతిలో పెట్టుకుని ఆలోచిస్తే వెంటనే తెలుస్తుంది. రెండు రకాల స్తంభాలతో పని లేదు, ఒకే పదార్థం చాలు. వైర్లను వేడి ముఖానికి అతికించవలసిన అవసరం లేదు, అవి పక్క కొనలలో, చల్లని చోట ఉండవచ్చు. వోల్టేజి పెంచాలంటే జతలు కలపనక్కరలేదు, పదార్థాన్ని అడ్డంగా పొడుగు చేస్తే సరిపోతుంది. దీనినే అడ్డు దిశ థర్మోఎలక్ట్రిక్ (వేడి నుంచి నేరుగా కరెంటు) మార్పిడి అని, ఆ వోల్టేజిని నెర్న్‌స్ట్ వోల్టేజి అని అంటున్నారు.

ప్రశ్న (ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం విద్యార్థిని, నల్లగొండ): మా సెమినార్‌లో రెండు అంకెలు చెప్పారు. నియోబియం ఫాస్ఫైడ్‌లో నెర్న్‌స్ట్ వోల్టేజి డిగ్రీకి 800 మైక్రోవోల్టులని, కోబాల్ట్, మాంగనీస్, గాలియం మిశ్రమంలో 6 మైక్రోవోల్టులని. మొదటిది వంద రెట్లకు మించి ఉండగా రెండోదాన్ని కూడా 'భారీ' అని ఎందుకంటారు? ఇందులో టోపాలజీ చేసే పని ఏమిటి?

జవాబు: ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడమే తికమకకు మూలం. అవి రెండు వేర్వేరు దారులలో వచ్చినవి, టోపాలజీ కూడా ఆ రెండు చోట్లా రెండు వేర్వేరు పనులు చేస్తుంది.

మొదటి దారిని చూద్దాం. మామూలు లోహంలో నెర్న్‌స్ట్ వోల్టేజి చాలా స్వల్పం. వేడి కొన నుంచి చల్లని కొనకు వెళ్లే ఎలక్ట్రాన్లు ఒక పక్కకు వంగితే, తిరిగి వచ్చే ఎలక్ట్రాన్లు రెండో పక్కకు వంగుతాయి, రెండూ దాదాపు చెల్లుకుపోతాయి. సెమీమెటల్‌లో ఎలక్ట్రాన్లు, హోల్స్ ఇంచుమించు సమాన సంఖ్యలో ఉంటాయి. అవి రెండూ వేడి కొన నుంచి చల్లని కొనకే బయలుదేరుతాయి. వాటి ఆవేశాలు ఎదురెదురు కావడం వల్ల నిలువు దిక్కున సీబెక్ వోల్టేజి చెల్లుకుపోతుంది, కానీ అదే కారణం చేత అయస్కాంత క్షేత్రం వాటిని చెరో పక్కకు నెడుతుంది కాబట్టి అడ్డు దిక్కున వోల్టేజి ఒకదానికొకటి తోడవుతుంది. సీబెక్ పద్ధతిలో పనికిరాదని పక్కన పెట్టిన గుణమే నెర్న్‌స్ట్ పద్ధతిలో పెట్టుబడి అయింది. ఎలక్ట్రాన్లు ఢీకొనకుండా ఎంత దూరం సాగగలిగితే ఈ వంపు అంత బలంగా ఉంటుంది.

టోపాలజీ ఇక్కడే అక్కరకు వస్తుంది. టోపలాజికల్ సెమీమెటల్స్‌లో ఒక రకమైన వీల్ సెమీమెటల్‌లో రెండు శక్తి పట్టీలు (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తి శ్రేణులు) కొన్ని బిందువుల దగ్గర మాత్రమే తాకుతాయి. ఆ బిందువుల చుట్టూ శక్తికి, ద్రవ్యవేగానికి సంబంధం సరళరేఖలా ఉంటుంది కాబట్టి ఎలక్ట్రాన్లు ద్రవ్యరాశి లేని కణాలలా మెలగుతాయి. హెర్మన్ వీల్ 1929లో కాగితం మీద రాసిన సమీకరణానికి సరిపోయే ఎలక్ట్రాన్లు టాంటాలం ఆర్సెనైడ్ స్ఫటికంలో 2015లో కనిపించాయి. నియోబియం ఫాస్ఫైడ్ అదే కుటుంబానికి చెందినది. వీల్ బిందువులనే ఇవి జంటలుగా ఉంటాయి, స్ఫటికాన్ని కొద్దిగా కదిలించినా, కల్తీ కొద్దిగా చేరినా అవి మాయం కావు. టోపలాజికల్ అన్న మాటకు ఇక్కడ కావలసినంత అర్థం ఇదే. మీ సెమినార్‌లో చెప్పిన 800 మైక్రోవోల్టుల కొలత 109 కెల్విన్ల దగ్గర, అంటే సున్నాకు 164 డిగ్రీల కింద, 9 టెస్లా క్షేత్రంలో వచ్చింది. ఆసుపత్రులలోని ఎంఆర్ఐ యంత్రాలు సాధారణంగా ఒకటిన్నర లేదా 3 టెస్లాలవి. 9 టెస్లాలంటే ద్రవ హీలియంతో చల్లబరిచే అతివాహక అయస్కాంతం కావాలి. ఆ అయస్కాంతాన్ని నడపడానికి పట్టే విద్యుత్తు ముందు ఈ స్ఫటికం ఇచ్చేది లెక్కలోకి రాదు.

రెండో దారిలో బయటి క్షేత్రమే అక్కరలేదు. పదార్థం తానే అయస్కాంతమైతే, దాని శక్తి పట్టీల అమరిక ఎలక్ట్రాన్‌కు పక్కకు ఒక అదనపు వేగాన్ని ఇస్తుంది. బెర్రీ వక్రత అని మీరు పాఠ్యగ్రంథంలో చదివేది దానికి కొలమానం. వీల్ బిందువుల జంటలో ఒకటి ఆ వక్రతకు ఊట, రెండోది మడుగు. అందువల్ల వాటి సమీపంలో వక్రత విపరీతంగా పెరుగుతుంది. అడ్డు దిశ హాల్ వాహకత (వోల్టేజికి అడ్డంగా కరెంటు పారే తీరు) ఫెర్మి శక్తి (ఎలక్ట్రాన్లు నిండిన పై మట్టం) దగ్గర ఎంత నిట్టనిలువుగా మారుతుందన్న దానిపై అడ్డు థర్మోఎలక్ట్రిక్ ప్రవాహం ఆధారపడుతుంది కాబట్టి, వీల్ బిందువులు ఫెర్మి శక్తికి చేరువలో ఉండాలి, దూరంగా ఉంటే ఎన్ని ఉన్నా నిష్ప్రయోజనం. నియోబియం ఫాస్ఫైడ్ అయస్కాంతం కాదు, దానిలో వక్రతలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. క్షేత్రం తీసేస్తే ఆ 800 కాస్తా సున్నా అవుతుంది.

మామూలు ఇనుములో ఈ క్షేత్రం లేని నెర్న్‌స్ట్ వోల్టేజి డిగ్రీకి ఒక మైక్రోవోల్టు లోపే. ఆ నేపథ్యంలో, 2018లో టోక్యో శాస్త్రజ్ఞుల బృందం కోబాల్ట్ మిశ్రమంలో గది ఉష్ణోగ్రత దగ్గర 6 మైక్రోవోల్టులు చూసినప్పుడు దానిని భారీ అన్నారు. అంతకు ముందు ఏడాదే మాంగనీస్, తగరం కలిసిన ఒక పదార్థంలో, బయటికి కనిపించే అయస్కాంతత్వం దాదాపు లేకపోయినా, మామూలు అయస్కాంతాలకు దీటైన వోల్టేజి వచ్చింది. అయస్కాంతత్వం ఎంత ఉంటే వోల్టేజి అంత అన్న పాత నమ్మకం దానితో సడలింది. నా దృష్టిలో 800 అంకె కంటే ఇది చాలా విలువైన సంగతి, ఎందుకంటే పదార్థాలను ఎక్కడ వెతకాలో ఇది చెప్పింది. 2020లో అదే టోక్యో బృందం ఇనుముకు అల్యూమినియం లేదా గాలియం కలిపి ఇంచుమించు అదే స్థాయి వోల్టేజి సాధించింది. అరుదైన లోహాల జోలికి పోకుండా ఇనుము, అల్యూమినియంతో ఆ స్థాయికి రావడం చిన్న విషయం కాదు.

ప్రశ్న (ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్, వాడపల్లి): సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ షెల్ (తిరిగే కొలిమి పై ఉక్కు తొడుగు) ఉపరితలం ఎప్పుడూ 300 డిగ్రీల దాపులో ఉంటుంది. ఆ వేడి గాలిలో కలిసిపోతోంది. ఇటువంటి పదార్థంతో తీగ చేసి వేడి గొట్టాలకు, షెల్‌కు చుట్టి కరెంటు తీసుకోలేమా?

జవాబు: మీరు రోజూ వాడే కె-రకం థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగల జత) సీబెక్ సూత్రం మీదే పనిచేస్తుంది, డిగ్రీకి 41 మైక్రోవోల్టుల చొప్పున. అందుచేత మీకు లెక్కతోనే జవాబు చెప్పడం మంచిది.

కోబాల్ట్ మిశ్రమాన్ని ఒక మిల్లీమీటరు మందం, ఒక మిల్లీమీటరు వెడల్పు గల పది మీటర్ల తీగగా లాగి, గొట్టం చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టారనుకుందాం. గొట్టాన్ని తాకే ముఖానికి, బయటి ముఖానికి నడుమ 10 డిగ్రీల తేడా నిలబెట్టగలిగారనుకుందాం. తీగ పొడుగునా మీటరుకు 60 మిల్లీవోల్టులు, మొత్తం 0.6 వోల్టులు వస్తాయి. మధ్యలో ఒక్క అతుకు లేకుండా ఒకే తీగ నుంచి ఇంత వోల్టేజి రావడం ఈ పద్ధతిలోని సొగసు. ఇప్పుడు రెండో సగం లెక్క చూడండి. అంత సన్నని తీగకు నిరోధం పది ఓములు దాటుతుంది కాబట్టి బయటికి తీయగలిగిన గరిష్ఠ శక్తి ఏడు మిల్లీవాట్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక మిల్లీమీటరు మందంలో 10 డిగ్రీల తేడాను నిలబెట్టడానికి ఆ తీగ గుండా పారవలసిన వేడి మాత్రం సుమారు రెండు కిలోవాట్లు. రెండు వేల వాట్లు లోపలికి, వాటులో నూరో వంతుకు కూడా తక్కువ బయటికి. మైక్రోవోల్టుల అంకె ఒక్కదానినే చూసి ఎవరూ తొందరపడకూడదన్నది ఇందుకే. పదార్థం విలువ, డిగ్రీకి వచ్చే వోల్టేజి వర్గాన్ని విద్యుత్ వాహకతతో, కెల్విన్లలో ఉష్ణోగ్రతతో గుణించి, ఉష్ణవాహకతతో భాగిస్తేనే తెలుస్తుంది. ఆ తూకంలో బిస్మత్ టెల్యురైడ్ గది ఉష్ణోగ్రత దగ్గర ఒకటి వరకు వస్తుంది, ఈ మిశ్రమం వెయ్యో వంతును కూడా అందుకోదు.

షెల్ విషయంలో మరో చిక్కు ఉంది, అది పదార్థానికి సంబంధించినది కాదు. నిమిషానికి మూడు నాలుగు సార్లు తిరిగే కిల్న్‌కు దేనినీ చుట్టి వైర్లు బయటికి తెచ్చుకోవడం కష్టం. పైగా షెల్ మీద ఏది కప్పినా అది దుప్పటి లాగే పనిచేసి షెల్ ఉష్ణోగ్రతను పెంచుతుంది. లోపలి ఇటుక పలచబడిన చోట మీరే ఫ్యాన్లు పెట్టి షెల్‌ను చల్లబరుస్తారు కదా, అక్కడ కప్పు వేయడం ప్రమాదం. కొంత ఎడంగా పలకలు నిలబెట్టి, షెల్ వెదజల్లే వేడిని అందుకోవడం తప్ప వేరే మార్గం లేదు. ప్రీహీటర్, కూలర్ల నుంచి వచ్చే వేడి వాయువులతో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పే పద్ధతి సిమెంటు పరిశ్రమలో ఎప్పుడో స్థిరపడింది. మెగావాట్లు కావాలంటే దారి అదే.

అయినా మీ వృత్తిలో ఈ పదార్థాలు అందరికంటే ముందు కనిపించవచ్చు. కరెంటు తీయడానికి కాదు, వేడి ప్రవాహాన్ని కొలవడానికి. పలుచని పొరగా పరిచిన నెర్న్‌స్ట్ పదార్థం గొట్టం వంపుకు అంటుకుని కూర్చుంటుంది, తన మందం తక్కువ కాబట్టి వేడి దారికి పెద్దగా అడ్డు రాదు, చదరపు మీటరుకు ఎన్ని వాట్ల వేడి పోతోందో వోల్టేజిగా చెబుతుంది. ఆవిరి లైన్ల మీద ఇన్సులేషన్ ఎక్కడ పాడైందో తెలుసుకోవడానికి మిల్లీవోల్టు సంకేతం చాలు, మిల్లీవాట్లు కూడా అక్కరలేదు. జపాన్‌లో పరిశోధకులు ముందుగా ఈ వైపు మొగ్గడం తెలివైన పని.

ప్రశ్న (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఫార్మసిస్టు, అచ్చంపేట): కరెంటు పంపి చల్లబరిచే పెల్టియర్ పెట్టెలు చూశాము. అడ్డు పద్ధతిలో కూడా చల్లదనం వస్తుందా? టీకాల పెట్టెలకు పనికివస్తుందా?

జవాబు: వస్తుంది, దానికి ఎట్టింగ్స్‌హౌసెన్ ప్రభావమని పేరు. 1960లలోనే అమెరికాలో బిస్మత్‌తో, 11 టెస్లా క్షేత్రంలో, గది ఉష్ణోగ్రత కంటే దాదాపు 100 డిగ్రీల మేర కిందికి దింపి చూపారు. మామూలు పెల్టియర్‌తో అంత లోతుకు పోవాలంటే మాడ్యూళ్లను అంతస్తులుగా పేర్చాలి. అడ్డు పద్ధతిలో ఒకే ముక్కను చల్లని వైపు సన్నగా, వేడి వైపు వెడల్పుగా చెక్కితే ఆ ముక్కే అంతస్తుల పని చేస్తుంది. అయితే రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచవలసిన టీకాలకు ఈ హంగామా అనవసరం, కంప్రెసర్ ఫ్రిజ్, మంచు పెట్టె చాలు. సెమీమెటల్స్‌కు అసలైన చోటు ఇంకా కింద, సున్నాకు 120 డిగ్రీల దిగువన ఉన్నది. అక్కడ బిస్మత్ టెల్యురైడ్ చతికిలబడుతుంది, వీటిలో ఎలక్ట్రాన్ల చలనశీలత మాత్రం పెరుగుతుంది. ఉపగ్రహాలలోని ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్లను కదిలే భాగాలు లేకుండా చల్లబరచడం వంటి పనులకు, ఒక టెస్లా ఇచ్చే శాశ్వత అయస్కాంతంతోనే సరిపెట్టుకోగల సెమీమెటల్ దొరికితే ఆ రంగం మారిపోతుంది. విద్యుదుత్పత్తి కంటే ఇదే ముందు ఫలిస్తుందని నా అభిప్రాయం.

ప్రశ్న (గృహిణి, దేవరకొండ): మే నెలలో మా స్లాబు మీద కాలు పెట్టలేము. ఆ వేడిని కరెంటుగా మార్చే పలకలు పరిస్తే ఇల్లు చల్లబడి, కరెంటూ వస్తుందా?

జవాబు: స్లాబు పైన 60 డిగ్రీలు, కింద 40 డిగ్రీలు అనుకుంటే, ఎంత గొప్ప యంత్రమైనా అందులోంచి నూటికి ఆరు పాళ్లకు మించి తీయలేదని కార్నో సూత్రం చెబుతుంది. ఇప్పుడున్న మంచి థర్మోఎలక్ట్రిక్ పదార్థం అందులో ఆరో వంతు ఇస్తుంది. చదరపు మీటరుకు రెండు వాట్లు వస్తే గొప్ప. అదే చదరపు మీటరు సోలార్ ప్యానెల్ మిట్టమధ్యాహ్నం 200 వాట్ల దాకా ఇస్తుంది, కింద నీడ కూడా పడుతుంది. ప్యానెల్ పెట్టించుకోండి, మిగిలిన చోట తెల్ల కూల్ పెయింట్ వేయించండి.

ప్రశ్న (బాయిల్డ్ రైస్ మిల్లు యజమాని, మిర్యాలగూడ): మా ఊక బాయిలర్ చిమ్నీకి 'టోపలాజికల్ పలకలు' బిగిస్తే మిల్లుకు సగం కరెంటు వస్తుందని ఒకాయన అడ్వాన్సు అడుగుతున్నారు. ఇవ్వవచ్చునా?

జవాబు: ఇవ్వవద్దు. మిల్లు మోటార్లు నడిపే స్థాయిలో పనిచేసే టోపలాజికల్ సెమీమెటల్ పలకలు బజారులో లేవు. పై జవాబులలోని లెక్కలు చదివితే ఎందుకు లేవో తెలుస్తుంది. ఆయన మళ్లీ వస్తే మూడు విషయాలు కాగితం మీద రాసి ఇమ్మనండి: పలక పదార్థం పేరు, ఎన్ని డిగ్రీల తేడా దగ్గర చదరపు మీటరుకు ఎన్ని వాట్లు, చల్లని వైపు నుంచి వేడిని తీసివేసే ఏర్పాటు. మూడోది అడిగితే చాలామంది మాట మారుస్తారు, ఎందుకంటే చిమ్నీ వేడిగా ఉంటే సరిపోదు, పలక రెండో ముఖాన్ని రోజంతా చల్లగా ఉంచడానికి నీళ్లు పారించాలి. ఆ నీళ్లనే బాయిలర్ ఫీడ్ వాటర్‌గా (బాయిలర్‌లోకి పంపే నీరుగా) వాడుకుంటే పలకల అవసరమే ఉండదు. చిమ్నీకి ముందు ఎకనమైజర్ (పొగ వేడిని నీటికి అందించే ట్యూబుల అమరిక) పెట్టించి ఫీడ్ వాటర్‌ను వేడి చేయండి. నీటి ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు పెరిగితే ఇంధనం దాదాపు ఒక శాతం ఆదా అవుతుందన్నది బాయిలర్ల వాళ్లందరికీ తెలిసిన లెక్క. ఊక పొగలో బూడిద ఎక్కువ కాబట్టి ట్యూబుల మధ్య ఎడం కొంచెం ఎక్కువగా ఉన్న డిజైన్ అడగండి, వారానికి ఒకసారి మసి దులిపే తలుపు కూడా పెట్టించుకోండి.